తమ్ముడు రాడని చెప్పిన ఉదయం

అమ్మ శనివారం మధ్యాహ్నం నాగాయలంకలో మా ఇంట్లోనే పోయింది. పద్నాలుగు నెలలు మంచంలో ఉంది. ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, అన్నీ నేనే. గుడివాడలో ఉండే తమ్ముడు ఆ పద్నాలుగు నెలల్లో వచ్చింది రెండుసార్లు. రెండుసార్లూ గుమ్మంలోనే నిలబడి "ఎలా ఉందక్కా?" అని అడిగి వెళ్ళాడు.

మర్నాడు ఆదివారం. పాస్టరుగారికి పది గంటలకు ఆరాధన ఉంది కాబట్టి ఎనిమిదిన్నరకే భూస్థాపన అనుకున్నాం. పని మీద విశాఖలో ఉన్న తమ్ముడు కబురు తెలియగానే బయల్దేరి, తెల్లవారేసరికి గుడివాడ చేరి, అక్కణ్ణుంచి కారులో వస్తున్నాడు.

పొద్దున్న తలుపు తీస్తే ఎదురింటి గోడ కూడా కనపడలేదు. అంతా మంచే. నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఏటా ఈ పాఠం చెప్తాను. మబ్బు లేని రాత్రి నేల తన వేడిని వదిలేస్తుంది. నేలని ఆనుకున్న తడిగాలి చల్లబడి సన్నటి నీటి చుక్కలవుతుంది. గాలి కదలకపోతే అది అక్కడే నిలిచిపోతుంది. మా దివిసీమలో ఎటు చూసినా కాలువలు, రొయ్యల చెరువులు, తడికేం కొదవ? ఎండ తగిలితే తొమ్మిదిన్నరకల్లా విడిపోతుందనీ నాకు తెలుసు.

ఎనిమిది దాటాక ఫోను మోగింది.

"అక్కా, మోపిదేవి దాటాను. ముందేమీ కనపడట్లేదు. లారీ వెనక లైటు చూసుకుంటూ వస్తున్నా. ఒక్క గంట ఆపండక్కా, అమ్మ మొహం చూడాలి."

"సరే" అన్నాను. పెరట్లోకి వెళ్ళి ఫోను స్విచాఫ్ చేశాను.

పాస్టరుగారు అడిగారు. "తమ్ముడుగారు ఎక్కడిదాకా వచ్చారమ్మా? కావాలంటే ఆగుదాం. ఆరాధన కాస్త ఆలస్యమైనా పర్లేదు."

"రాడండీ. మంచులో రాలేనన్నాడు. కానివ్వండి."

అబద్ధం అంత తేలిగ్గా వచ్చింది. పెట్టె మూసి మేకులు కొట్టారు.

సమాధుల తోటలో మట్టి వేస్తుంటే ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడైంది. బాగా దగ్గరికొచ్చేదాకా మనిషి కనపడలేదు. తమ్ముడు. కాళ్ళకి చెప్పులు లేవు. అప్పటికే గొయ్యి సగం పూడింది.

"మూసేశారా?" అన్నాడు.

"మీరు రాలేనన్నారని అక్కగారు చెప్పారు బాబూ" అన్నారు పాస్టరుగారు నొచ్చుకుంటూ.

వాడు నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు సంతోషమే వేసింది. గుమ్మందాకా వచ్చి వెళ్ళినవాడికి తగిన శాస్తి అనుకున్నాను. వాడు వంగి గుప్పెడు మట్టి తీసుకున్నాడు గానీ వెయ్యలేకపోయాడు.

మూడోరోజు ఫోను చేశాడు.

"అమ్మకి ఏ చీర కట్టారక్కా?"

"నీలంది. సన్న జరీ అంచుది."

"మొహం... బాగానే ఉందా?"

"నిద్రపోతున్నట్టే ఉంది" అన్నాను. అదీ అబద్ధమే. చివరి వారంలో దవడ జారిపోయి, అమ్మని నేనే గుర్తుపట్టలేకపోయాను. వాడు ఫోను పెట్టేశాడు.

నాలుగేళ్ళయింది. ఈమధ్య బందరులో ఓ పెళ్ళికి వెళ్తే వాడి భార్య ఎదురొచ్చి "బాగున్నారా వదినా?" అంది. వాడు మాత్రం ప్లేటు పట్టుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.