ఉప్పులో కలిసిపోయిన అవ్వ

కెమెరా సంచీ బోర్లించి దులిపితే ఇప్పటికీ నాలుగు బియ్యపు గింజలు రాలతాయి. సముద్రపు గాలికి కెమెరా అద్దంలో బూజు పడుతుందని పిడికెడు బియ్యం గుడ్డలో మూటగట్టి సంచీలో పడేయడం మా ఇంటి అలవాటు. తేమ పీల్చే పొట్లాలు బజార్లో ఎన్ని దొరికినా వాటి మీద నాకు నమ్మకం కుదరదు. పాత బియ్యం వాసన, తోలు పట్టీకి పట్టిన చెమట వాసన కలిసి ముక్కుకు తగిలితే చాలు, ఉన్నచోట ఉండలేను. వరండాలోకి పోతాను, వంటింట్లోకి వస్తాను, ఏదో మరిచిపోయినదానిలా అరలన్నీ వెతుకుతాను. పుట్టుకతోనే నాకు కుదురు తక్కువ. ఆ ఉన్న కాస్తా ఈ వేసవి మొదట్లో మా అమ్మ పోగొట్టింది.

అమ్మ నెల్లూరులో నాతోనే ఉంటుంది. ఒక పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, ముత్తుకూరు అవతల మా అవ్వ సాగు చేసిన ఉప్పు కయ్యల్ని రొయ్యల గుంటలకు ఇచ్చేశారనీ, తవ్వడానికి మిషను కూడా దిగిందనీ చెప్పింది. చెప్పి ఊరుకోలేదు.

“గుంటలు గాకముందే నన్నాడ నిలబెట్టి ఒక ఫొటో తియ్యి. మా అమ్మ మాదిరిగా నన్ను గూడా ఉప్పులో కలిపెయ్యబాక” అంది.

ఆ మాట మా ఇంట్లో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లకు అర్థం కావాలంటే ఆ కయ్యల దాకా వెళ్లాలి.

నా చిన్నప్పుడు బడికి సెలవులివ్వగానే అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి వెళ్లేది. బస్సు దిగి ఉప్పుటేటి గట్టు వెంట నడుస్తుంటే ముందు బురద వాసన, తర్వాత ఎండుచేపల వాసన, ఆ తర్వాత ఏ వాసనా లేని ఒక వేడి గాలి వచ్చి పెదవుల మీద ఉప్పగా కూర్చునేది. అదుగో, అవ్వ కయ్యలు వచ్చినట్టే. వాళ్లకు వరి నేల కొంత ఉన్నా అవ్వ ప్రాణం మాత్రం ఉప్పు కయ్యల్లోనే ఉండేది. చలి తగ్గీతగ్గగానే కయ్యల అడుగును కాళ్లతో తొక్కి తొక్కి సిమెంటు గచ్చులా గట్టిపరిచి, ఏటినీళ్లను మొదటి కయ్యలోకి మళ్లించి, ఎండకు చిక్కబడ్డాక పక్క కయ్యలోకి వదిలి, నీళ్ల మీద తెల్లటి పొర తేలే దాకా కనిపెట్టుకుని ఉండి, సరిగ్గా అదను చూసి పొడుగాటి చెక్క పలకతో ఉప్పును గట్టుకు లాగేది. తాత పోయినప్పటి నుంచి తెల్లచీరే కట్టేది. మోకాళ్ల దాకా ఎగ్గట్టిన ఆ చీర, నెత్తికి చుట్టిన తువ్వాలు, పగుళ్లిచ్చిన పాదాలు, ఎండకు కమిలి నల్లబడ్డ ముఖం, ఇవీ మా అవ్వ అంటే. ఆమెకు గర్వమల్లా ఒక్కటే, తన ఉప్పు గల్లు. శనగగింజంత ఉండాలి, అంచులు తేలి ఉండాలి, గుప్పిట్లో పట్టి వదిలితే గలగలమనాలి. పొడిలా రాలే ఉప్పు ఎవరైనా చూపిస్తే మూతి తిప్పుకునేది.

ఏటా తొలి కుప్పలో గుప్పెడు తీసి దాచి, ఉగాదికి మాకూ పంపితే పచ్చడిలో వేసేవాళ్లం. పచ్చడి అందరికీ చేదుగానో పుల్లగానో తగిలితే నాకు మాత్రం పళ్ల కింద కరగకుండా దొరికే గల్లు జ్ఞాపకం. సెలవుల్లో పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఎండురొయ్యల పొడి, పుల్లమామిడి ముక్క నంజుకుని, ఎండ ముదిరేలోగా పిల్లలమందరం గట్ల మీదికి పరిగెత్తేవాళ్లం. ఎండి పెచ్చులు తేలిన కయ్యలో తొక్కుడుబిళ్ల గీసుకునేవాళ్లం. చిక్కటి ఉప్పునీళ్లలో తుమ్మ పుల్ల గుచ్చి వదిలేస్తే నాలుగు రోజులకు దాని చుట్టూ గల్లు పేరుకుని తెల్లటి పూలకొమ్మలా తయారయ్యేది. అందరి పుల్లలూ పూసేవి, నాది తప్ప. పూసిందా లేదా అని గంటకోసారి పీకి చూస్తే ఏం పూస్తుంది?

“గమ్మునుండవే! నువ్వు చూస్తా ఉంటే అది యాడ పట్టద్ది?” అని అవ్వ కసిరేది.

మా శీను మామకు, అంటే అమ్మ తమ్ముడికి, ఒక కెమెరా ఉండేది. తెలిసినవాళ్ల దగ్గర పాతది కొన్నాడు. బూజు పట్టకుండా బియ్యం డ్రమ్ములో దాచేవాడు, అత్త అన్నానికి బియ్యం కొలవడానికి మూత తీస్తే తానే వచ్చి కెమెరాను పక్కన పెట్టేవాడు. ఆయనకు ఒక పట్టింపు ఉండేది. రీలు డబ్బా మీద నూరు అని ఉంటేనే కొంటాడు, నాలుగొందలది ఊరికే ఇస్తామన్నా ముట్టడు. “నంబరు ఎంత తక్కువుంటే బొమ్మ అంత నున్నంగా వస్తాది. పెద్ద నంబరైతే ఇసక జల్లినట్టు ఉంటాది” అనేవాడు. తక్కువ నంబరు రీలు వెలుగును నిదానంగా తాగుతుంది, దానికి దండిగా ఎండ కావాలి. అందుకని మామ ఎప్పుడు ఫొటో తీసినా పొద్దు నడినెత్తిన ఉండాల్సిందే. మా ఆల్బంలో కళ్లు పూర్తిగా తెరిచిన మనిషి ఒక్కరూ లేరు.

ఒక వేసవిలో అవ్వకు తన ఉప్పు కుప్ప పక్కన ఫొటో దిగాలనిపించింది. ఆమె అడిగి దిగిన ఫొటో అదొక్కటే. మిట్టమధ్యాహ్నం, కాళ్లు కాలి నేను ఒంటికాలి మీద గెంతుతున్నాను, అమ్మ కొంగు నెత్తిన వేసుకుని చూస్తోంది, అవతల కయ్యలో ఉప్పు అదనుకొచ్చి ఉందని అవ్వ తొందరపడుతోంది. మామ మాత్రం అటు జరుగు, ఇటు తిరుగు అంటూ ఆమె నల్లటి ముఖం బాగా రావాలని, వెలుగు ఎక్కువ పట్టేలా కెమెరా చక్రం తిప్పుతూనే ఉన్నాడు. చివరికి నొక్కాడు. అవ్వ ఆ చప్పుడు వినగానే పలక పట్టుకుని వెళ్లిపోయింది.

ఫొటో కడిగించుకుని మామ నెల్లూరు నుంచి తెచ్చిన రోజున ఇల్లంతా ఒకటే నవ్వు. ముఖం ఉంది, రెండు చేతులున్నాయి, మోకాళ్ల కింద కాళ్లున్నాయి. చీర లేదు, తువ్వాలు లేదు, కుప్ప లేదు, గట్టు లేదు. అంతా తెల్లకాగితం. ఆ తెలుపులో అవ్వ ముక్కలు ముక్కలుగా తేలుతోంది. అవ్వ నవ్వలేదు. ఫొటోను దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, వేలితో తడిమి చూసింది.

“ఇది ఉప్పా, సున్నమా? గల్లే తెలవకుండా జేసినావు గదరా శీనా. మళ్లా తియ్యి.”

“మబ్బు పట్టిన రోజు తీస్తానమ్మా, అప్పుడు ఎండ చంపదు” అన్నాడు మామ.

నేను రోజూ పొద్దున్నే గట్టెక్కి ఆకాశం చూసేదాన్ని. మబ్బు పట్టింది కూడా. కానీ తీరా చూస్తే, మామ లెక్కలో మబ్బు వెలుతురు నూరు నంబరు రీలుకు చాలదు. కెమెరా ఎక్కువసేపు కన్ను తెరవాలి, ఆలోగా చెయ్యి వణికి బొమ్మ చెదిరిపోతుంది. ఇంకో నంబరు రీలు కొనడానికి మామకు మనసొప్పలేదు. ఎండలో తీస్తే ఉప్పు పోయె, మబ్బులో తీస్తే మనిషి పోయె. ఈ రెండిటి మధ్య ఆ వేసవి గడిచిపోయింది. వానలకు కరగకుండా కుప్పల మీద తాటాకులు కప్పారు. ఆ కార్తీకం వానల్లో అవ్వకు జ్వరం తగిలింది, మళ్లీ లేవలేదు.

గోడకు పెట్టడానికి ఆ ఫొటోలో ముఖం మటుకే తీసి పెద్దది చేయించారు. మామ మాట అక్కడ నిజమైంది. అంత పెద్దది చేసినా ఎక్కడా ఇసుక రాలలేదు, కంటి కింద ముడతతో సహా నున్నగా వచ్చింది. వచ్చినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు. అమ్మ మాత్రం ఆ పటం కింద నిలబడ్డప్పుడల్లా, “తలకాయ ఒక్కటే మిగిల్చినాడు” అనేది. నెగెటివు ఉంటే అందులోంచి చీర మడతలు, గల్లు కొంతైనా లాగవచ్చునట, ఫిల్ము తెలుపును అంత తేలిగ్గా వదలదట. మా నెగెటివులన్నీ ఒక తుఫాను నీళ్లలో నాని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అది తలుచుకుంటే ఇవాళ్టికీ కడుపు మండుతుంది.

మామ పట్టింపు నాకూ అంటుకుంది. నా డిజిటల్ కెమెరాలో నూరు కింద యాభై అని ఇంకో మెట్టు ఉంటే మురిసిపోయి అక్కడికి దించాను. అమ్మ అడిగిన ఫొటోకు ముందు ఒకసారి చూసుకుందామని మిద్దె మీద తెల్లగుడ్డ మీద పెట్టిన వడియాలు తీశాను. నీడలు పట్టులా వచ్చాయి. వడియాలు లేవు. తెలుపులో వివరం పోయిన చోటల్లా తెర మీద నల్లగా మినుకుమినుకుమంటోంది. రాత్రంతా చదివితే తెలిసింది, ఆ యాభై కెమెరాకు సహజమైన మెట్టు కాదు. నూరు దగ్గర పట్టగలిగినంత వెలుగే అది ఎప్పుడూ పట్టగలదు. యాభై అంటే రెట్టింపు వెలుగును లోపలికి రానిచ్చి, తర్వాత లెక్కలో సగానికి దించుతుంది. నీడల్లో గరుకు తగ్గేది అందుకే, తెలుపు పొంగిపోయేదీ అందుకే. పొంగి పొయ్యిలో పడ్డ పాలు తర్వాత మంట తగ్గిస్తే గిన్నెలోకి రావు.

సాయంత్రం దాకా ఉండి మెత్తటి వెలుగులో తీద్దామనుకుని పొద్దున్నే బయల్దేరాం. అక్కడికి పోయేసరికి సగం కయ్యలు గుంటలైపోయాయి, ఒక్క కుప్ప మిగిలింది. అప్పుడే పని ఆపి దిగిన మిషను డ్రైవరు టిఫిన్ క్యారియర్ పట్టుకుని, “నేను అన్నం తినొచ్చేలోపల కానియ్యండక్కా, తర్వాత ఆ కుప్పే ఎత్తేది” అన్నాడు. మళ్లీ అదే మిట్టమధ్యాహ్నం. అమ్మ చెప్పులు విడిచి కుప్ప పక్కన నిలబడింది. నేను నూరు దగ్గర పెట్టి, వెలుగు తగ్గించి, ఒకటి తీసి చూసి, ఇంకా తగ్గించి, కుప్ప చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. తెర మీద మినుకులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి, చివరికి అమ్మ జుట్టు దగ్గర మాత్రం మిగిలాయి. అమ్మ తల ఇంత తెల్లబడిందని నాకు అప్పటి దాకా తెలియదు.

“గమ్మునుండి తియ్యవే, కాళ్లు కాలతా ఉండాయి” అంది అమ్మ.

ఇంకో మెట్టు తగ్గించి నొక్కాను. తెర చూపించాను. ముఖం చీకట్లో ఉంది. “ఇంటికి పోయినాక పైకి తీస్తాలేమ్మా. నీడలో ఉన్నది తిరిగొస్తుంది, తెలుపులో పోయిందే రాదు” అన్నాను. అమ్మ తన ముఖం చూసుకోనే లేదు. కాళ్ల దగ్గరి ఉప్పును పెద్దది చేయించుకుంది. గల్లు గల్లుగా, అంచులు తేలి, ప్రతి గింజా తెలుస్తోంది.

“నా మొహాన్ని అట్టానే ఉండనీ. మా అమ్మ మొహం గోడ మీద ఉండాది గదా. ఉప్పే లేదు.”

తిరిగొచ్చేటప్పుడు అమ్మ కొంగున కట్టుకున్న గుప్పెడు ఉప్పును నా కెమెరా సంచీలో వెయ్యబోతే, చెమ్మ లాగి కెమెరా పాడవుతుందని ఆటోలోనే అరిచాను. అమ్మ దాన్ని ఇంటి దాకా గుప్పిట్లోనే పట్టుకుంది. ఇప్పుడక్కడ గుంటల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నురగ లేపుతున్నాయట. గట్లు లేవు, పలకలు లేవు, పుల్లలు గుచ్చే పిల్లలు లేరు. అమ్మ ఫొటోను అవ్వ పటం పక్కనే తగిలించాం.

మొన్న శుక్రవారం పటాలకు పూలు పెడుతూ అమ్మ తన ఫొటోకూ ఒక చామంతి గుచ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది.

“అదేం పనమ్మా, బతికున్న మనిషి ఫొటోకి!”

“నాక్కాదులేవే. ఉప్పుకి.”