గిన్నెకు పనికిరాని గౌను

దానం చేశామని గొప్పలు చెప్పుకునేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ ఆ సిటీ బస్సే గుర్తొస్తుంది.

గుజరాత్‌లో భూకంపం వచ్చిన చలికాలం అది. అఫ్జల్‌గంజ్‌లో ఎక్కాను. బస్సు నయాపూల్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన ఒక బట్టల మూట తెచ్చి మా ఆడవాళ్ళ సీటు ముందు పెట్టాడు.

"భూకంపం పిల్లలకండీ. చార్మినార్ దగ్గర లారీలో వెయ్యాలి," అన్నాడు బస్సంతా వినేలా. "పాత బట్టల్లో మంచివాటికి స్టీలు సామాన్లామె గిన్నె ఇచ్చింది. ఇవి ఆవిడ కూడా వద్దంది. పోనీ, వాళ్ళకైనా పనికొస్తాయని!"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే, పక్కన కూర్చున్న బురఖా ఆమె మూటలోంచి జారిన చిన్న గౌను అందుకుంది. వీపున ఒక్క గుండీ లేదు. తన తలగుడ్డకున్న పిన్నీసు తీసి దానికి పెట్టసాగింది.

"ఎందుకమ్మా శ్రమ? ఊరికే ఇస్తున్నవేగా," అని నవ్వాడాయన.

"ముఫ్త్‌ల ఇస్తున్నమని మన పిల్లను వీపు తెరుసుకొని తిరుగుమంటమా, భాయ్? గిన్నెకే పనికిరానిది గంత చలిల పిల్లకెట్ల పనికొస్తది?"

"ఇచ్చేవాళ్ళకే అన్ని నీతులూ!" అని ఆయన మొహం తిప్పుకున్నాడు.

ఆమె జారుతున్న తలగుడ్డను గడ్డం కింద పట్టుకుని నావైపు తిరిగింది. "అక్కా, పిన్నీసున్నదా?"

పాపం, తలకేమోనని నా పైటకున్నది తీసి ఇచ్చాను.

ఆమె తలగుడ్డను అలాగే వదిలేసి, మూటలోంచి ఇంకో గౌను లాగింది.