దసరానాడు బందైన డబ్బా

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మీటర్లు, సెన్సార్లు చూసుకోవడం నా పని. మాకు నీళ్లు కొండాపూర్ వైపున్న పంపుహౌసు నుంచి వస్తాయి. అక్కడ మోటార్లు చూసుకునే పెద్దాయనను అందరం కాకా అంటాం. గంటగంటకూ కంట్రోల్ రూముకు ఫోన్ చేసి ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో చెప్పేవాడు. చెప్పి ఊరుకునే రకం కాదు. తిన్నారా, అక్కడ వానొచ్చిందా, పిల్లలు మంచిగున్నారా అని అడిగితే గానీ ఫోన్ పెట్టడు. పనిలో ఉన్నప్పుడు విసుగొచ్చేది. ఆ ఫోన్ రాని రోజు మాత్రం ఏమీ తోచేది కాదు.

నిరుడు ఆ నీళ్ల మట్టం రేడియో ద్వారా నేరుగా మా తెర మీదికి వచ్చేలా చేసే పని నా నెత్తిన పడింది. నెల రోజులు తెగకుండా నడిస్తే ఇక అక్కడ మనిషి అక్కర్లేదని మేనేజరు తేల్చేశాడు. ఆ సంగతి కాకాకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "గంతేనా? ఇగ ఆ యాంటెన్నా పైపు యాడ నిలబెట్టాల్నో చెప్పు సారూ, పట్టుకుంట" అన్నాడు.

పంపుహౌసు మీద చేపముల్లులాంటి యాంటెన్నా నిలబెట్టాం. నా ఫోన్‌లో దిక్కులు చూసి ఎటు తిప్పినా సిగ్నల్ రాలేదు.

"పొద్దుగాల మన ఫ్యాక్టరీ చిమ్నీ పొగ గా తాడిచెట్టు పక్కకెళ్లి లేస్తది. గటు తిప్పు జెర" అన్నాడు కాకా.

తిప్పాను. తెర మీద అంకెలు పడ్డాయని కంట్రోల్ రూము నుంచి ఫోన్‌లో కేకేశారు. తన కొలువుకు ఎసరు పెట్టే దిక్కు తానే చూపించిన మనిషి పక్కన నిలబడడానికి నాకు సిగ్గేసింది.

ఇరవై రోజులు బాగానే నడిచింది. దసరానాడు తెర మీద పంపుహౌసు గడి ఎర్రబడింది. అసలే నాకు ముక్కు మీద కోపం. బండేసుకుని పోయాను. చూస్తే రేడియో డబ్బా స్విచ్చి బంద్ చేసి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి ఉంది. మోటార్లకూ, వరసగా పేర్చిన పానాలకూ బొట్లు.

"కొలువు పోతదని కావాల్ననే బంద్ చేసినవా కాకా?" అని అరిచేశాను.

ఆయన మొహం చిన్నబోయింది. "నా పొట్ట కోసం కంపెనీ పొట్ట కొడ్తనా సారూ? ఆయుధపూజనాడు పనిముట్లతోని పని చేయించద్దు గద. ఇదిగూడ పనిముట్టేనాయె. ట్యాంకు నిండ నింపినంకనే బంద్ చేసిన. చెప్దామని నాలుగుసార్లు ఫోన్ కొట్టిన. ఎవ్వలు ఎత్తలే."

అంకెలు వాటంతటవే వస్తున్నాయి కదా అని కంట్రోల్ రూములో ఆ ఫోన్ తీగ పీకి బీరువాలో పడేసింది నేనే.

తిరిగొచ్చి రిపోర్టు రాశాను. పంపుహౌసు నుంచి కబురు వచ్చింది, ఇక్కడ అందుకునే ఫోన్ లేదు, తప్పు నాది అని. మేనేజరు అది రెండుసార్లు చదివాడు. "డబ్బా బందైతే చెప్పనీకి మనిషుండాలె. ఆయన్ని ఉండనియ్యి. ముందుగాల ఆ ఫోన్ మల్ల పెట్టియ్యి" అన్నాడు.

ఈ ఏడు దసరాకు ముందురోజు ఆ ఫోన్ మోగింది.

"సారూ, ఈసారి బంద్ చెయ్య. నడుస్తుండంగనే బొట్టు పెడ్త. ఏం కాదు గద?"

ఏం కాదన్నాను. మర్నాడు కంట్రోల్ రూములో మొదటి బొట్టు నేను ఫోన్‌కే పెట్టాను.