చీనా జామ పచ్చడి కోసం ఫారెస్ట్ సైడ్ దాకా

ఫారెస్ట్ సైడ్‌లో ఉండే అక్క అన్నం మానేసిందని కబురు రాబట్టి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. లేకపోతే ఉగాది ముందు ఇల్లు వదిలి బస్సుల్లో తిరిగే మనిషిని కాను.

శివరాత్రి తరువాత అక్కకు జ్వరం వచ్చి తగ్గింది. ఒళ్ళు చల్లబడింది గానీ నోరు మూసుకుపోయింది. గంజి రెండు గుక్కలు తాగి మొహం గోడవైపు తిప్పుకుంటోందట. తినిపించకపోతే కష్టమని డాక్టరు చెప్పాడు, ఎలా తినిపించాలో చెప్పలేదు. నాకు తోచింది ఒకటే. మా అమ్మ ఉగాది భోజనంలోకి చేసే ఎర్రటి చీనా జామ పచ్చడి.

మా కోడలు సరోజినిని జామ తెప్పించమన్నాను. అది పోర్ట్‌లూయీ పిల్ల, నోట ముందు క్రియోల్ వస్తుంది, తెలుగు సాయంత్రం బడిలో నేర్చినది. దుకాణానికి వెళ్ళి ఇంగ్లీషు జామ్ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. సీసాకు అంటించిన కాగితం మీద నేనెరగని చిన్న ఎర్రపండ్ల బొమ్మ.

"ఇదేమిటే?"

"జామే కదా అత్తమ్మా. క్రియోల్‌లో గోయావ్ ద్ సిన్ అని చెప్పి ఉంటే అర్థమయ్యేది."

దుకాణంవాడు వెనక్కి తీసుకోనన్నాడు. సీసాను అలమారలో పెట్టించాను.

నేనూ సరోజినీ మా ఊరు లాల్మతీలో తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కాం. ఆ దారిన వెళ్ళేవారు ఫ్లాక్‌లో బస్సు మారాలి. క్యూర్‌పీప్ బస్సు కదిలేదాకా టీ తాగే వ్యవధి ఉంటుంది. మేము ఇంటినుంచి రొట్టెలు, మిరపకాయ తొక్కు తీసుకెళ్ళాం. మొన్న స్వాతంత్ర్యం వచ్చినప్పుడు కట్టిన కొత్త జెండాలు దుకాణాల మీద ఇంకా ఎగురుతున్నాయి, వానకు కాస్త రంగు దిగాయి.

మాంటాన్ బ్లాంష్‌లో ఒక కూరగాయలామె బీరకాయల గంపతో ఎక్కి నా పక్కన ఇరుక్కుంది. ఎక్కడికని అడిగితే చీనా జామ కోసమని చెప్పాను. నవ్వింది. "తాంతిన్," అని పిన్ని వరస కలిపింది, "ఇంకా పచ్చివే. పిట్టలు కూడా ముట్టడంలేదు."

పండు దొరకకపోతే వట్టి చేతులతో అక్క ముందు కూర్చోవాలి. దిగేటప్పుడు ఆమె రెండు బీరకాయలు నా ఒళ్ళో పడేసింది.

ఇదే దారిని చిన్నప్పుడు రైల్లో చూశాను. అమ్మ, అక్క, నేను. పొగ కళ్ళలో పడితే అక్క తన కొంగు నా మొహం మీద కప్పేది. ఇప్పుడు పట్టాలు లేవు, చెరకు ఆ జాగా కూడా ఆక్రమించింది.

క్యూర్‌పీప్‌లో ఎప్పటిలాగే వాన. వెళ్ళేవారు శాలువా మరచిపోవద్దు. ఫారెస్ట్ సైడ్‌కి ఇంకో బస్సు పట్టి, పది దాటాక ఇల్లు చేరాం. అక్క కొడుకు రామన్న టీతోటలో పని చేస్తాడు. నేను ముందే పంపిన కబురు అంది, పొద్దున్నే అడవి అంచుకు వెళ్ళి దొరికినవన్నీ కోసుకొచ్చాడు. "ఇంతే పిన్నీ," అని తువ్వాలు విప్పాడు. సగం పచ్చివి, సగం దోరవి. ఎర్రవి చేతి వేళ్ళమీద ఎంచవచ్చు.

అక్క మంచం వంటింటి గుమ్మానికి ఎదురుగా ఉంది. నన్ను చూసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కాయలు కడిగి, మునిగీ మునగని నీళ్ళలో ఉడికించాను. మెత్తబడ్డాక పలచని గుడ్డలో వేసి సరోజిని ఒక కొస, నేను ఒక కొస పట్టి పిండాం. గింజలు గుడ్డలో ఆగాయి. గుజ్జులో చక్కెర, ఉప్పు, చింతపండు, కాస్త మిరప్పొడి వేసి పొయ్యి మీద పెట్టాను. రుచి దగ్గరికి వచ్చింది. రంగు రాలేదు. పాలిపోయిన గుమ్మడికాయలా ఉంది. అక్క కంటికి నచ్చనిది నోట పెట్టదు, ఆరోగ్యంగా ఉన్నప్పుడే.

సరోజిని బుట్టలోంచి ఆ జామ్ సీసా తీసింది.

"ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరూ అనలేదు. డబ్బు పోసి కొన్నది కదా, అలమారలో ఏం చేస్తుంది?"

అది ఇంట్లో నేను రోజూ అనే మాటే, నాకే అప్పజెప్పింది. సీసా తీసుకుని కుండలో వంచాను. కలిపేకొద్దీ ఎరుపు తిరిగింది.

ఆ రంగు చూస్తే అమ్మ కుండే గుర్తొచ్చింది. మా ఇంట ఒక పద్ధతి ఉండేది. పచ్చడి దించగానే గరిటె నాకడం పెద్దదాని వంతు, గింజల మూట చీకడం చిన్నదాని వంతు. మారాం చేసినా అమ్మ మార్చేది కాదు.

గిన్నెలో వేసి అక్క దగ్గరికి తీసుకెళ్ళాను. పెదవులు బిగించుకుంది. ఒకసారి బతిమాలాను, ఒకసారి కసిరాను. మొహం గోడకే తిప్పింది. ఇక నా వల్ల కాదనుకుని వంటింట్లోకి వచ్చి, గరిటె సరోజిని చేతికిచ్చి నాకమన్నాను.

"అది నాది."

మంచం మీదినుంచి వచ్చిన మాట. సరోజిని గరిటెను మంచం దగ్గరికి తీసుకెళ్ళింది. రామన్న పరుగున వచ్చి తల్లిని లేపి కూర్చోబెట్టాడు. అక్క గరిటె అందుకుని అంచు నాకింది, తరువాత వెనకవైపు కూడా.

"చక్కెర ఎక్కువేశావు చిన్నీ. ఇంకేదో కూడా కలిపావు."

"జామ్ పెద్దత్తమ్మా," అంది సరోజిని.

"జామే కదే వండింది."

"అది కాదు, సీసా జామ్."

అక్కకు అర్థమవడానికి కాసేపు పట్టింది. తరువాత భుజాలు కదిలేలా నవ్వింది. "అమ్మ ఉంటే మీ ఇద్దరి వీపులూ మోగేవి." అన్నం పెట్టమంది, ఎంత తప్పు చేశామో తిని చెబుతానంది. నాలుగు ముద్దలు తింది, ప్రతి ముద్దకూ ఒక వంక పెట్టింది.

ఆ రాత్రి అక్కడే పడుకుని మర్నాడు బయలుదేరాం. కడిగిన సీసాలో పండక్కి కాస్త పచ్చడి నింపుకున్నాం, కాగితం చింపలేదు. మిగిలింది అక్కకు వదిలాను. సరోజిని కిటికీ పక్కన నిద్రపోయింది. వానకు చెరకు తోటలు నల్లగా మెరుస్తున్నాయి. దారి అదే, రైలు లేదు, అమ్మ లేదు. అయినా మా ఇద్దరిలో పెద్దది ఇంకా పెద్దదిగానే ఉంది.

గింజల గుడ్డ బుట్టలో ఉంది. సరోజిని లేవకముందే ఆ మూట బయటికి తీసి, చిన్నదాని వంతుగా ఒక కొస నోట పెట్టుకున్నాను.