సారు గేటు మీది తొమ్మిదంకెలు

మా లెక్కల సారు పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను సిరోంచలో నా పంక్చర్ షాపులో కూర్చుని ఏడుతో భాగిస్తున్నాను. నాగేపల్లిలో కూతురింట్లో, నిద్రలోనే పోయారట. ఆ భాగారం ఆయన పెట్టిందే. ఇంకో నాలుగు మిగిలుండగా వెళ్లిపోయారు.

సారు గేటు మీద తెల్ల రంగుతో 381654729 అని రాసి ఉండేది. ఊళ్లోకి సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు కదా, అందరూ ఫోన్ నంబరే అనుకున్నారు. "సారూ, ఒక అంకె తక్కువున్నది, కలుస్తలేదు" అని వచ్చి చెప్పినవాళ్లున్నారు. సారు విసుక్కోలేదు. అరుగు మీద కూర్చోబెట్టి వివరించేవారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా ప్రతి అంకె ఒక్కసారే ఉంది. ఎడమ నుంచి మొదటి రెండంకెలు ముప్పై ఎనిమిది, రెండుతో తెగుతుంది. మొదటి మూడూ మూడుతో, నాలుగూ నాలుగుతో, అలా తొమ్మిదీ తొమ్మిదితో. ఎక్కడా శేషం ఉండదు. ఫోన్ సంగతి చెప్పడానికి వచ్చినవాడు భాగారం చేసి వెళ్లేవాడు.

ఇది చూసి నా చేతులు దురద పెట్టాయి. సారు బజారుకు వెళ్లినప్పుడు నాలుగునూ రెండునూ తారుమారు చేశాను. తిరిగొచ్చి గేటు ముందు నిలబడి పెదవులు కదిపారు. ఎదురుగా ఉన్న నా షాపు వైపు తిరిగారు.

"అరేయ్, ఐదు దాకా మంచిగనే తెగింది. ఆరో అంకె కాడ నాలుగు మిగిలింది. నీ పనేనా?"

"నేనేడ సారూ! పది రెండుసార్లు ఫెయిలైనోన్ని, నాకు అంకెలెట్ల ఎరుక?"

"అంకెలు ఎరుక లేకపోతే చేతికి రంగెట్ల అంటింది? ఇసొంటి నంబరే ఇంకోటి తే. తెస్తే నాది చెరిపి నీది రాస్త."

పాత ట్యూబు కత్తిరించి తొమ్మిది బిళ్లలు చేశాను. అంకెలు రాసి రెండు వానాకాలాలు పేర్చాను. చివరికి చేతులెత్తేశాను.

"లేదు సారూ, ఇంకోటి లేనే లేదు."

"నీకు దొరకకపోవుడు ఏరు, లేకపోవుడు ఏరు. ఎందుకు లేదో చెప్పు."

బడిలో నన్నెవరూ 'ఎందుకు' అని అడగలేదు, 'ఎందుకు చేశావురా' అని తప్ప.

ఒక మధ్యాహ్నం తట్టింది. సున్నా లేదు కాబట్టి, ఐదుతో తెగాలంటే ఐదో చోట ఐదే ఉండాలి. పరుగెత్తాను. సారు అన్నం ముందు నుంచి లేచొచ్చి నా మసి చేతినే పట్టుకుని ఊపారు. "ఇన్నవా, వీడు ఐదును కట్టేసిండు!" అని భార్యకు వినబడేలా అరిచారు.

తర్వాత సరి అంకెలు సరి చోట్లలోనే కుదిరాయి. ఒక్కో అంకెనూ కట్టేస్తూ పోతే పది సంఖ్యలు మిగిలాయి. ఒకటి సారుదే. తక్కిన తొమ్మిదింటిలో దేని మొదటి ఏడంకెలైనా ఏడుతో తెగితే, గేటు మీది నంబరు చెరపాల్సిందే. నాగేపల్లి బస్సెక్కుతూ "నేనొచ్చే దాక తేల్చు" అన్నారు.

దినాలయ్యాక, కబురు వచ్చిన నాడు మిగిలిపోయిన ఆ నాలుగూ భాగించాను. ఒక్కటీ తెగలేదు. గెలిచానో ఓడానో చెప్పే మనిషి లేడు. ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. అమ్మ, అంటే సారు భార్య, బియ్యం చెరుగుతోంది.

"తేలిందమ్మా. సారుది ఒక్కటే. ఇంకోటి లేదు."

"నలభై ఏండ్లు చెప్పిండు బిడ్డా. నేనే చెవిల ఏసుకోలే."

చాటలో బియ్యాన్ని అరచేత్తో సమంగా పరిచి నా ముందుకు జరిపింది.

"ఎందుకు లేదో ఇందుల రాసి చెప్పు. జర మెల్లగ."

బియ్యం మధ్యలో వేలితో ఐదు రాశాను. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చాట మీదికి వంగింది.