తూర్పు పైన ఉన్న పటం

2024 జూన్ 10, సోమవారం, ఉదయం 10.40. కావలిలోని నా రిపేరు షాపు బల్ల మీద పోలయ్య మామ ఒక తువ్వాలు మూట పెట్టాడు. అక్కడి నుంచి జువ్వలదిన్నె హార్బర్ నా మోటారు సైకిల్ మీటరు ప్రకారం 22 కిలోమీటర్లు. తీరంలో ఏటా ఉండే చేపల వేట నిషేధం ముగిసేది 14వ తేదీ అర్ధరాత్రి.

కృష్ణపట్నం దగ్గర ఒక విద్యుత్ కేంద్రంలో పదకొండేళ్లు ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్‌గా పనిచేసి, తర్వాత ఈ షాపు పెట్టుకున్నాను. పోలయ్య మామ నాకు చుట్టం కాదు. జువ్వలదిన్నెలో మరబోటు నడుపుతాడు. అక్కడ ఆ పని చేసేవారిని డ్రైవర్ అనే అంటారు.

“ఏంది మామా, చేపలా?”

“నిషేధంలో చేపలు యాడియ్యి బాషా? విప్పి చూడు.”

మూటలో ఎనిమిది అంగుళాల టాబ్లెట్ కంప్యూటర్ ఉంది. ఏదో గోదాములో సరుకు లెక్కలకు వాడి తీసేసినది. నెల్లూరులో పాత సామాన్ల అంగడిలో కొన్నాడట. రెండు జీబీ మెమరీ, ముప్పైరెండు జీబీ స్టోరేజీ. అందులోని పాత విండోస్ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తెరుచుకున్నాక ఏ పనికీ కదల్లేదు.

“దీంట్లో సముద్రం పటం కనపడాల. మన బోటు యాడుండాదో దాంట్లో చూపియ్యాల” అన్నాడు.

బోటులోని జీపీఎస్ పెట్టెలోకి ఉప్పునీరు చేరి అది పూర్తిగా పోయింది. వేట లేని రెండు నెలల తర్వాత కొత్తది కొనే స్థితిలో ఓనరు పెంచలయ్య లేడు. సొంత పెట్టె ఉన్న మరో డ్రైవర్ దొరికాడు కాబట్టి, 13వ తేదీలోగా పోలయ్య మామ ఏదో ఒకటి చూపించకపోతే బోటు ఆ డ్రైవర్‌కు అప్పగిస్తానన్నాడు. పద్దెనిమిదేళ్లుగా నడిపిన బోటు అది.

కంప్యూటర్‌లోని భాగాలన్నిటి చేత పని చేయించే మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్ తీసేసి, తక్కువ మెమరీతో నడిచే లినక్స్ వేద్దామన్నాను. అది ఉచితం. సముద్ర పటాలు చూపే ప్రోగ్రాము కూడా ఉచితంగానే దొరుకుతుంది.

“ఊరకే వచ్చేదయితే నీకు కూలెందుకు?”

“సముద్రంలో చేపలూ ఊరకే ఉండాయి గదా మామా. నువ్వు పట్టి తెచ్చి డబ్బులు తీసుకోవడంలా?”

ఆయన నవ్వి, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్లాడు.

పని అనుకున్నంత సులభంగా సాగలేదు. ఆ టాబ్లెట్‌కు ఉన్నది ఒకే ఒక యూఎస్‌బీ రంధ్రం. కీబోర్డు, లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్, ఛార్జింగు మూడూ అందులోంచే జరగాలి. ఒక రంధ్రాన్ని నాలుగుగా చేసే హబ్బును, బయటి నుంచి కరెంటు తీసుకునే రకం, తెప్పించాను. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌ను టాబ్లెట్ గుర్తించలేదు. లోపలి ప్రాసెసర్ 64 బిట్లది. దానిని మేల్కొలిపే ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్లది. చౌక టాబ్లెట్లలో ఈ పొంతనలేమి మామూలే. ఆ ఫర్మ్‌వేర్‌కు అర్థమయ్యే చిన్న బూట్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో చేర్చాక లినక్స్ ఎక్కింది. మంగళవారం మధ్యాహ్నానికి పటం తెర మీదికి వచ్చింది. అయితే అడ్డంగా వచ్చింది. ఇటువంటి టాబ్లెట్ల తెరను ఫ్యాక్టరీలో నిలువుగా బిగిస్తారు. విండోస్‌కు ఆ సంగతి తెలుసు, లినక్స్‌కు మనం చెప్పాలి. అక్షరాలన్నీ ఎడమ పక్కకు ఒరిగి పడుకున్నాయి.

సాయంత్రం పోలయ్య మామ వచ్చి దానిని చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“బ్రహ్మాండంగా ఉండాది. ఇచ్చెయ్, పోతా.”

“ఇంకా కాలేదు మామా. పటం పడుకోనుండాది.”

“పడుకోవడం ఏంది? చక్కగా నిలబడుండాది గదా.”

నన్ను కష్టపెట్టడం ఇష్టంలేక అలా అంటున్నాడనుకున్నాను. బుధవారమంతా కూర్చొని తెరను సరిచేశాను. తెర తిరిగినా వేలి తాకిడి పాత దిక్కులోనే పడుతుంటే దానినీ సరిచేశాను. ఎటు పట్టుకుంటే అటు పటం నిటారుగా నిలిచేలా లోపలి సెన్సర్‌ను కూడా పనిలో పెట్టాను. నిజానికి అది ఎవరూ అడగని పని. చేసినందుకు మాత్రం చాలా సంతోషపడ్డాను.

గురువారం ఉదయం హార్బర్‌కు వెళ్లాను. పెంచలయ్య, వల లాగే ఐదుగురు కలాసీలు బోటు మీద ఎదురుచూస్తున్నారు. బోటు ఉన్న చోటు పట్టి చెప్పే చిన్న జీపీఎస్ రిసీవర్ తగిలించి టాబ్లెట్‌ను మామ చేతికిచ్చాను. పటంలో ఉత్తరం పైన, సముద్రం కుడివైపున, అక్షరాలు నిటారుగా ఉన్నాయి.

ఆయన దానిని కాసేపు చూసి, ఎడమకు తిప్పాడు. సెన్సర్ పటాన్ని వెంటనే మళ్లీ నిటారు చేసింది. ఇంకోసారి తిప్పాడు. అది కూడా తిరిగింది.

“బాషా, నేను తిప్పితే ఇదీ తిప్పుకుంటాందే.”

కలాసీలు పకపకా నవ్వారు. “మొండి పెళ్లాం మాదిరుండాదే మామా” అన్నాడు ఒకడు.

పెంచలయ్య నవ్వలేదు. “పోలయ్యా, చూడను రాని పెట్టె పెట్టుకోని యాడికి పోతావు? నేను ఆ ఇంకో డ్రైవర్ పిల్లోడికి ఫోన్ చేస్తాండా.”

పోలయ్య మామ క్యాబిన్‌లోకి వెళ్లి చక్రం పట్టుకొని నిలబడ్డాడు. నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను. బోటు ముక్కు హార్బర్ మొగ వైపు, అంటే బోట్లు సముద్రంలోకి దాటే దారి వైపు, తూర్పుకు ఉంది. ఎదురుగా సముద్రం. వీపు వెనక ఒడ్డు.

“మామా, మొన్న పటం నచ్చిందన్నావే. దాంట్లో సముద్రం యాడుండాది?”

“ఎదురుగా. ఇంకెక్కడుంటాది? నువ్వు తెచ్చి పక్కకి తోసేసినావు.”

అప్పుడు అర్థమైంది. ఈ తీరంలో వేటకు పోయేవారికి సముద్రం ఎప్పుడూ ముందే, ఒడ్డు ఎప్పుడూ వెనకే, ఉత్తరం ఎడమ చేతి వైపే. మంగళవారం నా బల్ల మీద ఒరిగి పడుకున్న పటంలో తూర్పు సరిగ్గా పైన ఉంది. నేను లోపమనుకున్నది, ఆయన రోజూ క్యాబిన్‌లోంచి చూసే సముద్రం.

పాత లోపాన్ని మళ్లీ తేవలసిన పనిలేదు. సెన్సర్‌ను ఆపేశాను. తెరను అలాగే ఉంచి, ప్రోగ్రాములో పటాన్ని మాత్రం తొంభై డిగ్రీలు తిప్పి బిగించాను. ఇప్పుడు తూర్పు పైన ఉంది, అక్షరాలూ నిటారుగానే ఉన్నాయి.

“ఇదీ! ఇది మొగ. ఇది మన ఒడ్డు. ఇదిగో, మనం ఈడుండాం.” ఆయన వేలు తెర మీద ఒక్కసారి కూడా తడబడలేదు.

ఇంజన్ పరీక్ష పేరుతో హార్బర్ లోపలే ఒక చుట్టు తిరిగాము. బోటు ఎటు మళ్లితే తెర మీది గుర్తు అటే మళ్లింది. పెంచలయ్య క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి రెండు మలుపులు చూశాడు. మూడో మలుపుకు ఫోన్ జేబులో పెట్టుకొని కలాసీల వైపు తిరిగాడు.

“చూసింది చాలు గానీ, పోయి వేటకి ఐసు చెప్పండి రా.”

ఎవరో ఈల వేశారు. పోలయ్య మామ తువ్వాలుతో తెర తుడుస్తూ, “కూలి చేపల్లో ఇస్తాలే అబ్బయా. ఊరకే ఉండేయే గదా” అన్నాడు.

ఆ రోజు నుంచి ఏ యంత్రం నా బల్ల మీదికి వచ్చినా, దానిని ఎక్కడ పెడతారు, దాని ముందు ఎటు తిరిగి కూర్చుంటారు అని ముందే అడుగుతున్నాను. సగం మంది వింతగా చూస్తారు. మిగతా సగం మంది చెప్పే జవాబు నాకు కనీసం ఒక పూట పని తగ్గిస్తుంది.

టాబ్లెట్ 2,200 రూపాయలు. హబ్బు 450. జీపీఎస్ రిసీవర్ 900. బోటు బ్యాటరీకి తగిలించే ఛార్జర్ 250. లినక్స్, పటాల ప్రోగ్రాము ఉచితం. కూలి, మొదటి వేట నుంచి వచ్చిన రెండు వంజరం చేపలు. నష్టం, హార్బర్‌లో నీళ్లలో పడిపోయిన ఒక పెన్‌డ్రైవ్, సెన్సర్ మీద పెట్టిన ఒక బుధవారం.