తెల్ల డబ్బా, నల్ల డబ్బా

మా మామ ఒక మిషన్ సాయంతో ఊపిరి తీసుకుంటున్న రోజుల్లోనే మా ఇంట్లో మాట వినే డబ్బాల పోటీ నడిచింది. పోటీ పెట్టింది మా ఆయన. బద్వేలులో ఆయనది సెల్‌ఫోన్ల అంగడి. నోటిమాటతో లైట్లు, ఫ్యాన్లు నడిచే సామాను అమ్మాలంటే ముందు ఇంట్లో వాడి చూడాలన్నాడు. రెండు కంపెనీలవి తెచ్చాడు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. ఏది మేలైతే దాన్ని అంగట్లో పెడతాడట.

మామ వయసంతా గనులనుంచి ముగ్గురాయి మోసే లారీలు తోలాడు. ఊపిరితిత్తులు చెడింది దుమ్ము వల్లనో, బీడీల వల్లనో డాక్టరు తేల్చి చెప్పలేదు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంలోకి పంపే మిషన్ ఆయన మంచం పక్కనే ఉంటుంది. స్నానానికీ భోజనానికీ కాసేపు ఆపవచ్చు, అంతకు మించితే పెదాలు నల్లబడతాయి. దాని స్విచ్చేమో బీరువా వెనక ఉంది. వేయాలన్నా ఆపాలన్నా అత్తనో నన్నో పిలవాలి. లోడు లారీని ఘాట్ ఎక్కించిన మనిషికి అది చిన్నతనంగా ఉండేది.

అందుకని మా ఆయన ఆ మిషన్‌ను కూడా డబ్బా మాట వినే ప్లగ్గుకు తగిలించాడు.

"లైట్లు, ఫ్యాన్లు నీ ఇష్టం. ఊపిరి మిషన్ జోలికి మాత్రం పోవద్దు" అన్నాను.

"నాయన తనే ఏసుకుంటాడు, తనే ఆపుకుంటాడు. ఆయనకూ బాగుంటాది. నువ్వు ప్రతిదానికీ అడ్డం పడతాండావు" అన్నాడు.

మామ నా వైపు చూడలేదు. డబ్బా వైపు ఆశగా చూశాడు. ఆ చూపు చూశాక నేను నోరు మూసుకున్నాను గానీ, మనసు ఒప్పుకోలేదు.

మొదట తెల్లదాన్ని హాల్లో టీవీ పక్కన, మామ గది వాకిలికి ఎదురుగా పెట్టాడు. దానికి తెలుగు వచ్చు గానీ మా యాస వింటే ఆలోచనలో పడేది. పేరు పెట్టి పిలిచి, ఏం కావాలో చెప్పి, అది కరుణించేదాకా ఆగాలి. అత్త మా ఆయన దగ్గర "ఆల్ ఆఫ్" అనే రెండు ముక్కలు నేర్చుకుంది. పక్కింటికి పోయేటప్పుడు ఆ మాట అంటే హాల్లో ఫ్యాను, లైటు, టీవీ ఆగేవి. మిగతా గదుల జోలికి అది పోయేది కాదు. మా ఆయన దాన్ని లోపం కింద జమకట్టాడు.

ఒకరోజు మధ్యాహ్నం తెల్లదాన్ని తీసి నల్లదాన్ని పెట్టాడు. అది మహా చురుకు. మాట పూర్తి కాకముందే పని చేసేసేది. మామ మంచం మీదనుంచి నీరసంగా చెప్పినా మిషన్ ఆన్ చేసింది. మా ఆయన పొంగిపోయి, మళ్లీ మళ్లీ ఆపించి వేయించాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. అత్త కూడా దాని పేరు పట్టేసింది. సాయంత్రానికి ఆయన అంగడికి పోయాడు.

అప్పటిదాకా నిప్పులు చెరిగిన ఎండ ఉన్నట్టుండి తగ్గి, మబ్బు పట్టి పెద్దగా ఉరిమింది. మా దిక్కున ఉరుము వినపడితే మొదట చేసే పని కరెంటు సామానంతా ఆపేయడం. పిడుగు పడి టీవీ కాలిన ఇల్లు వీధికొకటి ఉంటుంది. అత్తకు మోకాళ్ల నొప్పులు, వంగి వైర్లు పీకలేదు. కూర్చున్నచోటినుంచే డబ్బాను పిలిచి "ఆల్ ఆఫ్" అంది. నేనప్పుడు మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తుతున్నాను.

కిందికి వచ్చేసరికి ఇల్లంతా చీకటి.

"నేను టీవీ ఆపితినా, అంతలోకే కరెంటు కూడా పాయ" అంది అత్త.

నాలుగు చినుకులు పడితే కరెంటు పోవడం ఇక్కడ వింత కాదు. మామ మిషన్‌కు మాత్రం ఇన్వర్టర్ ఉంది కాబట్టి నాకు దిగులు కలగలేదు. వరండా రేకుల మీద వాన దబదబా కొడుతోంది. మిరపకాయల గోతాం మూలన పడేసి తలుపు వేయబోతూ బయటికి చూశాను. ఎదురింట్లో ట్యూబులైటు వెలుగుతోంది. వాళ్లకు ఇన్వర్టర్ లేదు.

అంటే కరెంటు పోలేదు. మా ఇంట్లో అన్నీ ఆపింది ఆ డబ్బా.

మామ గదిలోకి పరుగెత్తాను. ఆయన మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఊని ముందుకు వంగి ఉన్నాడు. ముక్కుకు గొట్టం ఉంది, అందులో గాలి లేదు. మిషన్ ఆగిపోయానని హెచ్చరిస్తూ కూత పెడుతూనే ఉంది. గదిలోకి వస్తేగాని ఆ వానలో అది వినపడలేదు. కిటికీలోంచి వచ్చే మసక వెలుతురులో మామ మెడ నరాలు ఉబ్బి కనిపించాయి. నోరు కదులుతోంది గానీ మాట బయటికి రావడం లేదు.

డబ్బాను పిలిచి మిషన్ వేయమని అరిచాను. ఆ వాన హోరులో నా గొంతు కూడా దానికి అందలేదు. బీరువాను భుజంతో తోస్తే కదల్లేదు. సందులో చెయ్యి దూర్చి, తడిమి, ఆ ప్లగ్గును ఊడపీకి విసిరేశాను. మిషన్ వైరును నేరుగా గోడ సాకెట్‌లో గుచ్చబోతే మొదట తప్పిపోయింది. ఎలాగో దూరింది. మిషన్ గుర్రుమని లేచింది.

అత్త గోడ పట్టుకుని వచ్చి "ఏమాయ, ఏమాయ" అంటోంది. నేను మామ వీపు నిమురుతూ ఆయన పెదాలనే చూస్తున్నాను. అంత భయం నేను జన్మలో పడలేదు. చాలాసేపటికి ఆయన భుజాలు కిందికి దిగాయి.

మా ఆయన తడిసి ఇంటికి వచ్చాడు. సంగతి విన్నాక ఆయన ముఖంలో నెత్తురు లేదు. అయినా నాలుక ఊరుకోలేదు.

"దాని తప్పేముండాది? అన్నీ ఆపమంటే అన్నీ ఆపింది."

"అవునప్పా, అదే గెలిచింది. పోయి అంగట్లో బోర్డు కట్టుకో" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ ఇక్కడ చెప్పేవి కావు.

అత్త మామ కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది.

"నేను ఈడనే ఉంటి కదా. ఒక కేక ఎయ్యకూడదా?"

"పిలుస్తానే ఉంటి" అన్నాడు మామ, ఆగి ఆగి.

"నాకు వినపల్యా."

"నిన్ను కాదు. దాన్ని." మళ్లీ ఊపిరి కూడదీసుకున్నాడు. "శానాసేపు పిలిచినా. నిన్ను పిలవాలని నాకు తోచనే లేదు."

అత్త ఏడవలేదు, కోప్పడలేదు. ఆయన ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

"ఇప్పుడు పిలువు" అంది.

మామ ఒకసారి మా వైపు చూశాడు. తర్వాత సన్నగా "ఏమే" అన్నాడు.

"ఆ" అని పలికింది అత్త.